సిలిండర్ బయట, స్టవ్ లోపల: గోడలో రాగి పైపు మూసేయొచ్చునా?

కొత్తిల్లు_మిర్యాలగూడ:

అందరికీ నమస్తే. మిర్యాలగూడల సొంతిల్లు కడుతున్నం, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే. వంటిల్లు ఆగ్నేయంల ఉన్నది. సిలిండర్ ఇంట్ల వద్దనుకున్నం. వెనక సందుల పెట్టి, అక్కడి నుంచి స్టవ్ దాక పైపు తీద్దామని ఆలోచన. మలుపులతో కలిపి కొలిస్తే 9 మీటర్లు వచ్చింది. స్టవ్ మూడు బర్నర్లది.

ఏసీ పైపులు వేసే మెకానిక్ వచ్చి చూసిండు. రెండు సూత్‌ల రాగి పైపు చాలు, గోడకు గాడి కొట్టి అందుల పెట్టి ప్లాస్టరింగ్‌ల మూసేద్దాం, మూలల కాడ ఎల్బోలు వేసి అతుకుత అన్నడు. అదే పైపుకు మధ్యల టీ (మూడు దారుల అతుకు) వేసి బాత్రూంల గ్యాస్ గీజర్‌కు కూడ లైన్ ఇస్త అంటున్నడు. సిలిండర్‌కు అనుకున్న చోటు సంపు మూత పక్కన. పైన సజ్జ ఉన్నది, నీడ పడుతది. మోటర్ స్టార్టర్ డబ్బా కూడ అదే గోడకు ఉన్నది.

సోమవారం ప్లాస్టరింగ్ మొదలు. గాడి సగం కొట్టిండ్రు. పైపు సైజు సరైందేనా? గోడల మూయొచ్చునా? చోటు మంచిదేనా? గీజర్ సంగతేంది? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పున్రి.

పాలమూరు_ఫిట్టర్:

అన్నా, ముందు ఆ గాడిని మామూలు సిమెంటుతో నింపేసి ప్లాస్టరింగ్ చేయించుకోండ్రి. పైపు మాత్రం గోడ మీదనే, కంటికి కనబడేటట్టు పోవాలె.

ఎందుకంటే, గ్యాస్ లీకయ్యేది ఎక్కువగ జాయింట్ కాడ. గోడల ఉన్న జాయింట్‌కు సబ్బు నురగ పూసి చూడలేం, స్పానర్ పెట్టి బిగించలేం. అక్కడ లీకైన గ్యాస్ ప్లాస్టర్ వెనక సందులల్ల పాకి, ఎక్కడ పగులు దొరికితే అక్కడ బయటపడుతది. జాయింట్ ఒక మూలకు ఉంటే వాసన ఇంకో గదిల వస్తది. స్విచ్ బోర్డు పైపులు కూడ అదే గోడల ఉంటయి కదా, వాటి వెంట గ్యాస్ స్విచ్ డబ్బాలకు చేరిందనుకోండ్రి, బటన్ నొక్కినప్పుడు లోపల వచ్చే రవ్వ చాలు.

ఇగ సైజు. రెండు సూత్‌లంటే పావు ఇంచు, లోపలి బొక్క 5 మిల్లీమీటర్లు కూడ ఉండదు. ఇంటి రెగ్యులేటర్ నుంచి వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు, అంటే 30 సెంటీమీటర్ల నీటి మట్టం ఎత్తంత. మూడు బర్నర్లు నిండుగ మండితే గంటకు 400 గ్రాముల దాక గ్యాస్ కావాలె. 9 మీటర్ల రెండు సూత్‌ల పైపుల అంత గ్యాస్ పారితే 30లో 7, 8 సెంటీమీటర్లు తొవ్వలనే పోతది. ఒక బర్నర్ వెలిగిస్తే బాగనే ఉంటది, మూడోది వెలిగించంగనే మొదటిది కుంగుతది. అప్పుడు రెగ్యులేటర్ ఖరాబైందని మార్చుకుంటరు, జెట్లు (బర్నర్‌కు గ్యాస్ వదిలే సన్న బొక్కలు) పెద్దగ చేయించుకుంటరు. తప్పు పైపుల ఉంటది.

మూడు సూత్‌ల పైపు తీసుకోండ్రి. లోపల సుమారు 8 మిల్లీమీటర్ల బొక్క. అదే గ్యాస్ అదే దూరం పోయినా ఒక్క సెంటీమీటరు కూడ తగ్గదు. బొక్క రెండింతలు కూడ కాలేదు, తేడా మాత్రం పదింతలు. పైపు లెక్క గట్లనే ఉంటది.

కొత్త కాయిల్ కొనండ్రి, రెండు కొసలకు మూతలున్నది. పాత ఏసీ నుంచి విప్పిన పైపు వద్దు, లోపల కంప్రెసర్ నూనె ఉంటది, అది పోయి జెట్లల్ల పడుతది. కాయిల్‌ది మెత్తటి రాగి కాబట్టి మూలల కాడ బెండింగ్ స్ప్రింగ్ పెట్టి వంచొచ్చు, ఎల్బోనే అక్కర లేదు. సిలిండర్ కాడి నుంచి స్టవ్ గట్టు దాక ఒకటే ముక్క, మధ్యల ఒక్క జాయింట్ కూడ లేకుండ. 9 మీటర్ల పనికి మీకు కావలసినయి రెండే ఫ్లేర్లు (నట్టుతోని బిగించేటందుకు గరాటు లెక్క విప్పిన పైపు కొసలు), ఆ కొసకొకటి, ఈ కొసకొకటి.

ఆ రెండైనా సరిగ్గ చేయించుకోండ్రి. హాక్సా బ్లేడుతో కోస్తే రాగి పొడి లోపల పడుతది, పైప్ కట్టర్‌తోనే కోయాలె. కోసినంక లోపలి అంచుకు పైకి లేచిన గరుకు ఉంటది, దాన్ని రీమర్‌తో తీసేయాలె. తీసేటప్పుడు పైపు కొస కిందికి వంచి పట్టుకుంటే పొడి బయట పడుతది. నట్టు ముందే తొడగాలె, ఫ్లేరు అయినంక అది ఎక్కదు. ఫ్లేరు అయినంక అంచు చుట్టూ గోరుతో తడిమి చూడండ్రి. అంచు అంతటా ఒకటే వెడల్పు ఉండాలె, వెంట్రుకంత చీలిక కనబడినా కోసేసి మళ్ల చేయాలె. రెండు స్పానర్లు పెట్టి బిగించాలె, ఒకటి పట్టుకునేది, ఒకటి తిప్పేది. ఒకటే స్పానర్‌తో తిప్పితే పైపు మెలిక పడుతది. ఫ్లేరు ముఖానికి టెఫ్లాన్ టేప్ చుట్టరు. అక్కడ లోహం లోహానికి అతుక్కుంటేనే గ్యాస్ ఆగుతది, నడుమ టేప్ ఉంటే అతుక్కోదు. టేప్ వేసేది వాల్వ్‌కు, నాజిల్‌కు ఉండే, కొసకు సన్నబడే మరలకు మాత్రమే.

సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు పెడుదామని ఎవరన్న అంటే ఒప్పుకోకండ్రి. వేడికి మెత్తబడుతది, మంట తగిలితే కరిగి గ్యాస్‌ను వదిలేస్తది.

నీలిమంట:

ఫిట్టర్ గారు చెప్పినదానికి గోడ దాటే చోటు గురించి కలుపుతాను. బయటి నుంచి లోపలికి వచ్చేచోట రాగి పైపును నేరుగా సిమెంటులో బిగించకూడదు. ఒక ఇంచు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు ముక్కను గోడ మందం కన్నా కొంచెం పొడుగ్గా కోసి, బయటివైపు కొద్దిగా వాలేలా గోడలో పెట్టించండి. రాగి పైపు దానిలోంచి రావాలి. లోపలి కొసను సిలికాన్‌తో మూయాలి, బయటి కొస తెరిచే ఉంచాలి. రేపు గోడలో ఏమైనా జరిగి పైపు చిట్లినా గ్యాస్ బయటికే పోతుంది, ఇంట్లోకి రాదు. ప్లాస్టరింగ్‌కు ముందు మీరు చేయించాల్సిన పని ఇదొక్కటే.

మీటరుకొక క్లాంపు. కరెంటు పైపుకు, స్విచ్ బోర్డుకు కనీసం జానెడు దూరం. పైపుకు పసుపు రంగు వేయించండి. ఎర్తింగ్ వైరును గ్యాస్ పైపుకు కట్టడం కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది, అది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వాల్వులు రెండు. సిలిండర్ దగ్గర ఒకటి, స్టవ్ దగ్గర ఒకటి, గ్యాస్‌కు పనికొచ్చే ఇత్తడి బాల్ వాల్వులు. స్టవ్ దగ్గరిది స్టవ్ వెనక గోడకు పెట్టకండి. మంట మీదుగా చెయ్యి చాపి కట్టేయాల్సి వస్తే ఆ వాల్వ్ అవసరానికి అందదు. గట్టు కింద, పక్కకు, తలుపు తీయగానే చెయ్యి పడేచోట ఉండాలి.

రాగి పైపు నేరుగా స్టవ్‌కు రాదు. అటు రెగ్యులేటర్ నుంచి పైపుకు, ఇటు పైపు నుంచి స్టవ్‌కు నారింజ రంగు సురక్షా హోస్ వాడాలి. లోపల తీగ అల్లిక ఉన్నది, ఐఎస్ 9573 ముద్ర ఉన్నది. దాని ఆయుష్షు 5 ఏళ్లు, హోస్ మీదే అచ్చేసి ఉంటుంది. పొడవు మీటరున్నర దాటకూడదు. గోడలోంచి గాని, డ్రాయర్ల వెనక నుంచి గాని పోకూడదు. నాజిల్‌కు ఎక్కకపోతే కొసను వేడి నీళ్లలో కాసేపు ముంచండి, నూనె రాయకండి, తర్వాత అదే నూనెకు జారి ఊడుతుంది. ఎక్కాక క్లాంపు.

ఇక మీరు అనుకున్న చోటు. నీడ బాగుంది, మిగతా ఏదీ బాగాలేదు.

ఎల్పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. లీకైతే పైకి పోదు. నీళ్లలా నేల వెంట పారి పల్లంలోకి దిగుతుంది. సంపు మూత సందులోంచి లోపలికి దిగిందంటే గాలి ఆడని తొట్టిలో అలాగే కూర్చుంటుంది. గాలిలో గ్యాస్ పాలు 2 శాతం దగ్గరికి వస్తే చాలు, అంటుకుంటుంది. పొద్దున నీళ్ల కోసం మోటర్ ఆన్ చేస్తారు, స్టార్టర్‌లో కాంటాక్టులు కలిసినప్పుడు రవ్వ వస్తుంది. మీరు చెప్పిన చోట సిలిండర్, సంపు, స్టార్టర్ మూడూ ఒక్క గోడ పక్కనే ఉన్నాయి.

సంపు, మోరీ, బోరు గుంత, నేలకు దగ్గరున్న కిటికీ, వీటన్నింటికీ వీలైనంత దూరంగా పెట్టండి. స్టార్టర్ డబ్బా జరపడం సులువైతే దాన్నే ఇంకో గోడకు మార్చండి. సిలిండర్ గచ్చు మీద నిలబడి ఉండాలి, పడుకోబెట్టకూడదు. పడుకుంటే ఆవిరి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది, మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. పెట్టెలాగా మూసేసిన తలుపు కాకుండా ఇనుప జాలీ తలుపు పెట్టించండి, కింద తప్పకుండా తెరిపి ఉండాలి. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలకు పోతుంది, కాబట్టి మధ్యాహ్నం మూడింటికి ఆ చోట ఎండ పడుతుందో లేదో ఒకరోజు నిలబడి చూడండి. సజ్జ నీడ పొద్దున ఉన్నంత మాత్రాన సాయంత్రం ఉండదు.

దేవరకొండ_సేఫ్టీ:

గీజర్ సంగతి నేను చెబుతాను. బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టకండి. ప్రాణాలు పోతున్నది దీనివల్లే కాబట్టి కొంచెం లెక్కతో చెబుతాను.

నిమిషానికి 6 లీటర్ల నీళ్లు 25 డిగ్రీలు వేడెక్కాలంటే గంటకు సుమారు ఒక కిలో గ్యాస్ మండాలి. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. మన ఇళ్లలో బాత్రూం 5 అడుగులకు 7 అడుగులు, ఎత్తు 9 అడుగులు అనుకుంటే లోపలున్న గాలి 9 ఘనపు మీటర్లు. పది నిమిషాలు స్నానం చేస్తే గీజర్ 2 ఘనపు మీటర్ల గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. చలికాలమని వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టి, తలుపు గడియ వేసుకుంటే కొత్త గాలి రాదు. ప్రాణవాయువు తగ్గేకొద్దీ మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్‌లో కలిపే మెర్‌కాప్టాన్ వాసన కాలిపోయిన గ్యాస్‌కు ఉండదు కాబట్టి ముక్కు హెచ్చరించదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. మొదట తల బరువు, కాళ్లలో సత్తువ లేకపోవడం. లేచి గడియ తీసే శక్తి ఉండదు. ఒకరి తర్వాత ఒకరు స్నానానికి పోతుంటే, చివర పోయినవారికి అందరి పొగా మిగులుతుంది.

పెట్టక తప్పదంటే గీజర్ ఇంటి బయటి గోడకు, వాన పడని తెరిపి చోట ఉండాలి. లోపలికి వేడినీళ్ల పైపు మాత్రమే రావాలి. బాత్రూం కిటికీ కింద కూడా వద్దు, పొగ అందులోంచే లోపలికి వస్తుంది. స్టవ్ లైనుకు టీ వేయడం కూడా కుదరదు. స్టవ్, గీజర్ కలిస్తే గంటకు కిలోన్నర దగ్గరికి వస్తుంది, మూడు సూత్‌ల పైపులో కూడా ఐదారు సెంటీమీటర్ల ఒత్తిడి పోతుంది. స్నానం చేసేవాళ్లు నల్లా తిప్పినప్పుడల్లా వంటింట్లో సిమ్‌లో ఉన్న మంట వణుకుతుంది, ఆరిపోనూ వచ్చు. మంట ఆరాక గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది.

ఇంకొకటి నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా. మన బోరు నీళ్లు గట్టివి. గీజర్ కాయిల్‌లో తెల్లటి పొరలా ఉప్పు పేరుకుంటుంది, నీళ్లు సన్నబడతాయి. పటిక, సున్నం వేసే నల్లగొండ టెక్నిక్ ఫ్లోరైడ్ తీయడానికి పుట్టింది, ఈ గట్టితనం దానితో పోదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కాయిల్ కడిగించాలి. బర్నర్ పైన ఉండే రేకుల మధ్య మసి కూడా చూసుకోవాలి, మసి ఉంటే పొగ పైకి పోక వెనక్కి తన్నుతుంది. మంట నీలంగా కాక పసుపుగా కనిపించిన రోజే వాడకం ఆపాలి.

నా మాటైతే మిద్దె మీద సోలార్ పెట్టండి. ఈ ఎండలున్న జిల్లాలో నీళ్లు కాచడానికి గ్యాస్ కొనాల్సిన పని లేదు.

కొత్తిల్లు_మిర్యాలగూడ:

అందరికి చాల థ్యాంక్స్. గీజర్ ముచ్చట పూర్తిగ బంద్. గాడి మూపిస్తున్నం, జీఐ ముక్క పెట్టిస్తున్న. సిలిండర్‌ను తూర్పు గోడకు మార్చినం, సంపుకు అవతలి దిక్కు. పొడవు 7 మీటర్లకు తగ్గింది.

ఇంక రెండు అడుగుత. మెకానిక్ పని అయినంక లైటర్ మంట పెట్టి లీక్ చూస్త అంటున్నడు. లీకుంటే ఎంసీల్ (గట్టిపడే ముద్ద) పూస్తే సరిపోతదట. ఇది సరేనా? ఇంకోటి, రేపు మా ఊళ్లె పైపు గ్యాస్ వస్తే ఇదే లైను పనికొస్తదా?

పాలమూరు_ఫిట్టర్:

మంట పెట్టి చూసుడు వద్దంటే వద్దు. ఎంసీల్ కూడ వద్దు. అది గట్టిపడి ఎండకు, చలికి పైపుతోని సాగదు, పగులుతది. కారే ఫ్లేరును కోసి మళ్ల చేసుడే మందు.

పరీక్ష రెండు సార్లు. మొదటిది రెగ్యులేటర్, స్టవ్, హోస్‌లు ఏవీ తగిలించక ముందు. రాగి పైపు ఒక కొసకు మూత బిగించి, రెండో కొసకు గేజు, సైకిల్ పంపు తగిలించి గాలితో చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాక ఎక్కించండ్రి. అరగంట ఆగితే ముల్లు కదలొద్దు. వెల్డింగ్ షాపు ఆక్సిజన్‌తో ఎక్కించుకుంటమంటే ఒప్పుకోవద్దు, లోపల నూనె చుక్క ఉన్నా పేలుతది. ఇంత ఒత్తిడిని రెగ్యులేటర్‌కు గాని స్టవ్‌కు గాని పెట్టొద్దు, అవి 30 గ్రాముల కోసం చేసినయి.

రెండోది స్టవ్, దాని హోస్ బిగించినంక, రెగ్యులేటర్, దాని హోస్ తప్ప. రెండు మీటర్ల తెల్ల ప్లాస్టిక్ ట్యూబు తీసుకొని చెక్కకు యూ ఆకారంల కట్టండ్రి, ఒక్కో కాలు అర మీటరు ఎత్తు ఉండాలె. సగం దాక రంగు నీళ్లు పోసి, పక్కన టేప్ అంటించండ్రి. స్టవ్ నాబ్‌లన్నీ కట్టేసి, ఒక కాలుకు లైను తగిలించి, లైన్లకు మెల్లగ గాలి ఊదితే రెండు కాళ్ల నీళ్లకు 30 సెంటీమీటర్ల తేడా వస్తది. గాలి ఊదిన చోటు మూసి పది నిమిషాలు చూడండ్రి. గేజు ముల్లుకు తెలియని లీకు ఈ నీళ్లకు తెలుస్తది.

ఈ పని తెల్లారుజామున, పైపు మీద ఎండ పడక ముందు చేయాలె. ఒక్క డిగ్రీ వేడి మారితే నీళ్లు రెండు మూడు సెంటీమీటర్లు కదులుతయి. ఎండ ఎక్కుతున్నప్పుడు చేస్తే లీకున్నా నీళ్లు నిలబడ్డట్టే ఉంటయి, ఎందుకంటే కారిన గాలిని వేడి పూడుస్తది. సాయంత్రం చల్లబడేటప్పుడు చేస్తే లీకు లేకున్నా దిగుతయి, ఉత్తగ బాగున్న ఫ్లేరును కోసుకుంటరు.

నీళ్లు దిగితే సబ్బు నురగతోని ఒక్కో జాయింట్ చూడండ్రి. బుడగ చిన్నగ మొదలై మెల్లగ పెరుగుతది, ఒక్కో చోట ఒక నిమిషం ఆగాలె. చూసినంక తడిబట్టతో తుడిచేయండ్రి, సబ్బు ఇత్తడిని తినకుండ. గ్యాస్ వదిలినంక కూడ సిలిండర్ దిక్కు జాయింట్లకు ఒకసారి నురగ పూయండ్రి, రెగ్యులేటర్, దాని హోస్ గాలి పరీక్షల లేవు కదా.

నీలిమంట:

పైపు గ్యాస్ సంగతి: ఒక ఘనపు మీటరు సహజ వాయువులో వేడి ఎల్పీజీలో సగం కూడా ఉండదు. అదే వంటకు రెండున్నర రెట్ల గ్యాస్ పారాలి, పైగా ఇంటికిచ్చే ఒత్తిడి 21 మిల్లీబార్లే, అంటే సుమారు 21 సెంటీమీటర్ల నీటి మట్టమే. కాబట్టి స్టవ్ జెట్లు మార్చాలి, లైనును సరఫరా చేసేవాళ్లే తమ లెక్కతో వేస్తారు. అది గాలికన్నా తేలిక, పైకి పోతుంది, అందుకని తెరిపి కప్పు దగ్గర ఉండాలి. రేపటి కోసం ఇప్పుడు పైపు పెంచకండి, వంటింట్లో పైన ఒక వెంటిలేటర్, కింద ఒక జాలీ మాత్రం ఇప్పుడే పెట్టించుకోండి. రెండు రకాల గ్యాస్‌కూ పనికొస్తాయి.

పైపు వేయించాక మీ గ్యాస్ డిస్ట్రిబ్యూటర్‌కు చెప్పి వాళ్ల మెకానిక్‌తో చూపించండి. సిలిండర్ మార్చినప్పుడల్లా మూత తీశాక వాల్వ్ లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో టార్చి వేసి చూడండి. రింగు లేకపోయినా, చిరిగినా గ్యాస్ అక్కడే కారుతుంది. పిన్నీసుతో కెలకకండి, తెచ్చినవాళ్లతోనే వేయించండి. తాడుకు కట్టి వచ్చే ప్లాస్టిక్ మూతను కోసి పారేయకండి, వాల్వ్ కారుతున్నప్పుడు దాన్ని నొక్కి బిగిస్తే గ్యాస్ ఆగుతుంది. వాసన వస్తే లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముట్టొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి.

దేవరకొండ_సేఫ్టీ:

ఒక చిన్న పని మిగిలింది. రంగులు వేయక ముందు, పైపు పోయిన గోడలన్నింటికీ టేపు పట్టి ఫొటోలు తీసి పెట్టుకోండి, నేల నుంచి ఎంత ఎత్తున పోయిందో కనిపించేలా. అల్మారాలు వేసే వడ్రంగికి పని మొదలయ్యే ముందే ఆ ఫొటోలు చూపించండి. చెక్క వెనక పైపు దాగిపోతే డ్రిల్లు నేరుగా రాగిలోకి దిగుతుంది. పైపు పోయేచోట అల్మారాకు వెనక చెక్క వేయకుండా తెరిచి ఉంచమని చెప్పండి. హోస్ బిగించిన తేదీ గట్టు కింది తలుపు లోపలివైపు పెయింట్‌తో రాయించండి.

కొత్తిల్లు_మిర్యాలగూడ:

మూడు సూత్‌ల కాయిల్, రెండు బాల్ వాల్వులు, రెండు సురక్షా హోస్‌లు, ఒక ఇంచు జీఐ ముక్క, క్లాంపులు ఎనిమిది. రేపు పొద్దున షాపుకు పోతున్న. ఆదివారం తెల్లారుజామున ఐదింటికి నీళ్ల ట్యూబుతో పరీక్ష పెట్టుకున్నం, మెకానిక్ వస్త అన్నడు. నీళ్ల మట్టం ఎంత నిలబడ్డదో ఇక్కడనే రాస్త.